కుక్క పళ్ల గురించే మాట్లాడుతున్నాం, కడుపు సంగతి ఎవరికి పట్టింది?

వీధి కుక్కల విషయంలో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు మీద దేశమంతా వాదులాడుకుంది. కాప్రాలో మా కాలనీ వాట్సాప్ గ్రూపు అయితే వారం రోజులు నిద్రపోలేదు. పట్టుకెళ్లిన కుక్కను ఎక్కడ వదలాలి, తిండి ఎవరు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, కరిస్తే బాధ్యత ఎవరిది... అన్నీ చర్చకు వచ్చాయి. కుక్కను తిరిగి అదే ప్రాంతంలో వదిలే ముందు చేయాల్సిన పనులు మూడని ఆ ఉత్తర్వు చెప్పింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, నట్టల మందు, టీకా. మొదటిదాని గురించి, చివరిదాని గురించి మాట్లాడని వాళ్లు లేరు. మధ్యలో ఉన్న నట్టల మందు ఊసు మాత్రం నేను చదివినంతలో ఎవరూ ఎత్తలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. కాటు కంటికి కనిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు మీద కుక్కలు పడిన దృశ్యం చూసినవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక ప్రాణం నిలబెట్టడం దాదాపు అసాధ్యం. ఆ భయం న్యాయమైనదే. పేగుల్లోని పురుగులు అలా అరవవు, కరవవు. కుక్కలో చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. మనిషిలో లక్షణం కనిపించినా అది కుక్క నుంచి వచ్చిందని ఎవరికీ తట్టదు.

నేను పశువైద్యుణ్ని కాను, మనుషులకు మందు రాసే ప్రభుత్వ డాక్టర్ని. మరి కుక్కల కడుపు గురించి నాకెందుకంటే, ఈ సమస్య సరిగ్గా మా ఇద్దరి మధ్య ఉన్న సందులోనే పడి కనిపించకుండా పోతోంది. కుక్కను చూసే డాక్టరుకు ఆ ఇంట్లో పాకే పాపాయి ఉందని తెలియదు. పాపాయిని చూసే డాక్టరు ఇంట్లో కుక్క ఉందా అని అడగడు. ఈ రెండు ప్రశ్నలూ అడగగలిగింది ఆ ఇంటివాళ్లే. అందుకే ఈ వారం ఈ పేజీ వాళ్ల కోసం.

పిల్ల ఇంటికి వచ్చేసరికే

కుక్క పేగుల్లో సాధారణంగా కనిపించేవి నాలుగు రకాలు. సేమ్యాలా తెల్లగా, పొడవుగా ఉండే ఏలికపాములు. పేగు గోడను కొరికి పట్టుకుని రక్తం తాగే కొంకిపురుగులు. పెద్దపేగులో చేరే కొరడా పురుగులు. ముక్కలు ముక్కలుగా తెగి బయటికి వచ్చే బద్దెపురుగులు. కొరడా పురుగుల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, కుక్క నుంచి మనిషికి వాటితో పెద్దగా ప్రమాదం లేదు. అసలు కథ ఏలికపాములది.

చాలామంది అనుకునేదేమిటంటే, కుక్కపిల్ల బయట తిరిగి, ఏదో చెత్త తిని పురుగులు తెచ్చుకుంటుందని. నిజానికి అది తల్లి కడుపులో ఉన్నప్పుడే తెచ్చుకుంటుంది. తల్లి కుక్క ఎప్పుడో మింగిన గుడ్ల నుంచి వచ్చిన లార్వాలు దాని కండరాల్లో, ఇతర అవయవాల్లో నెలల తరబడి నిద్రపోతుంటాయి. చూలు నిలిచి, ఈనడానికి దాదాపు మూడు వారాల ముందు అవి మేలుకుంటాయి. మావి దాటి పిల్లల్లోకి వెళ్తాయి. పుట్టాక పాలలో కూడా వెళ్తాయి. కొంకిపురుగులు కూడా పాల దారి పడతాయి. తల్లి చూడ్డానికి నిగనిగలాడుతూ ఉండొచ్చు, మల పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు. దాని పిల్లలు మాత్రం మూడు నాలుగు వారాల వయసుకే గుడ్లు విసర్జించడం మొదలుపెడతాయి. అంటే కళ్లు తెరిచిన కొద్దిరోజులకే.

పిల్లుల్లో చిన్న తేడా ఉంది. పిల్లికూనకు మావి ద్వారా ఏలికపాములు రావు, పాల ద్వారా వస్తాయి.

ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది చూడండి. సైనిక్‌పురిలోనో, ఏఎస్ రావు నగర్‌లోనో ఒక కుటుంబం పిల్లాడి పుట్టినరోజుకు కుక్కపిల్లను తెస్తుంది. దాని వయసు నెలా, నెలన్నర. పొట్ట గుండ్రంగా ఉంటే బొద్దుగా, ముద్దుగా ఉందని మురిసిపోతారు. టీకా సంగతి అందరికీ గుర్తుంటుంది, నలభై అయిదో రోజున వేయించాలని లెక్కపెట్టుకుంటారు. నట్టల మందు కూడా అప్పుడే మొదలవుతుందని అనుకుంటారు. కానీ ఆ వయసుకు కుక్కపిల్లకు కనీసం రెండు, వీలైతే మూడు మోతాదులు పడి ఉండాలి. పశువైద్యులు చెప్పే లెక్క ఇది: కుక్కపిల్లకు రెండో వారంలో మొదటి మోతాదు, తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు, ఆ పైన ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి. పిల్లికూనకు మూడో వారం నుంచి మొదలుపెట్టి ఇదే పద్ధతి. పాలిచ్చే తల్లికి కూడా పిల్లలతో పాటే వేయాలి, లేకపోతే చేసిన పని సగమే.

ఇన్నిసార్లు ఎందుకని అడుగుతారు. మందు పేగులో ఉన్న పెద్ద పురుగులను చంపుతుంది. అదే సమయంలో కాలేయంలోనో, ఊపిరితిత్తుల్లోనో ప్రయాణంలో ఉన్న పిల్ల పురుగుల మీద దాని ప్రభావం తక్కువ. అవి దగ్గుతో పాటు గొంతులోకి వచ్చి, మళ్లీ మింగుడుపడి, పేగులోకి చేరి పెద్దవవుతాయి. రెండు వారాల తర్వాత వేసే మోతాదు వాటి కోసం. ఒకసారి మందు వేయగానే పిల్ల మలంలో బోలెడు పురుగులు పడ్డాయని, ఇక శుభ్రమైపోయిందని ఊరుకోవడమే ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు.

అందుకే కుక్కపిల్లను కొనేటప్పుడు జాతి కాగితాలతో పాటు ఏ తేదీన, ఏ నట్టల మందు, ఎంత వేశారో రాసిన కాగితం అడగండి. లేదంటే వేయలేదనే అనుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. వీధిలో పుట్టిన పిల్లను దయతో ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు ఆ అనుమానం కూడా అక్కర్లేదు, నేరుగా వెళ్లాల్సిందే.

పెద్ద కుక్కకు, పెద్ద పిల్లికి కనీసం మూడు నెలలకోసారి వేయించాలి. 'మా కుక్క గడప దాటదు' అనేవాళ్లుంటారు. మన చెప్పులు దాటుతాయి కదా. పిల్లి అయితే ఇల్లు దాటకపోయినా బల్లినో, ఎలుకనో పట్టి తింటుంది. వాటి ఒంట్లో కూడా లార్వాలు దాగి ఉంటాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు మల పరీక్ష చేయిస్తే మందు సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. ఇక లక్షణాలంటారా: ఉబ్బిన పొట్టతో పాటు చిక్కిన ఒళ్లు, మెరుపు తగ్గిన బొచ్చు, వాంతిలో పురుగు పడటం, ఎంత తిన్నా బరువు పెరగకపోవడం. చిగుళ్లు పాలిపోయి, మలం తారులా నల్లగా ఉంటే కొంకిపురుగులు రక్తం తాగుతున్నాయని అర్థం. చిన్న పిల్లల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది. మర్నాటిదాకా ఆగకండి.

మన మాత్ర దానికి వేయకండి

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. నులిపురుగుల నివారణ దినోత్సవం రోజున బడిలో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఇంట్లో మిగిలిన అలాంటి మాత్రను కుక్కకో, పిల్లికో వేసేవాళ్లున్నారు. ఆల్బెండజోల్ కుక్కల్లో, పిల్లుల్లో ఎముక మజ్జను దెబ్బతీసి రక్తకణాలను తగ్గించగలదు. వాటికి పశువైద్యులు వాడేవి వేరు. చిన్న పిల్లలకు పైరాంటెల్ సిరప్, బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్, కొరడా పురుగులకైతే ఫెన్‌బెండజోల్ వరుసగా కొన్ని రోజులు. ఏదైనా బరువును బట్టే. బరువు చూడటం కష్టమేమీ కాదు. కుక్కను ఎత్తుకుని మన బరువు తూచే మిషన్ ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కండి, తేడా చూడండి. అందాజాగా సగం మాత్ర, పావు మాత్ర వేస్తే పురుగులూ చావవు, వేశామన్న ధీమా మాత్రం మిగులుతుంది.

వెల్లుల్లి నూరి పెట్టడం ఇంకో అలవాటు. వెల్లుల్లి, ఉల్లి కుక్కల్లోనూ, అంతకంటే ఎక్కువగా పిల్లుల్లోనూ ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కొంకిపురుగులతో ఇప్పటికే రక్తం తగ్గిన పిల్లకు అది పెట్టడం అంటే మరింత రక్తం తీయడమే. బెల్లం, తీపి తింటే పురుగులు పడతాయన్నది మన అమ్మమ్మల నుంచి వస్తున్న మాట, మనిషికైనా కుక్కకైనా అందులో నిజం లేదు. పురుగు గుడ్డు నుంచే పుడుతుంది, లడ్డు నుంచి కాదు. తీపి కుక్కకు మంచిది కాదన్న సంగతి వేరు.

మట్టికి రెండు వారాల గడువు

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలనంటే, ఇది గుర్తుంచుకోండి. అప్పుడే పడిన కుక్క మలంలోని ఏలికపాము గుడ్డు ఎవరికీ అంటుకోదు. దాని లోపల లార్వా తయారవడానికి వెచ్చటి, తడి మట్టిలో దాదాపు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తయారయ్యాక మాత్రం అది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మట్టిలో బతుకుతుంది. మలం వానకు కొట్టుకుపోయి, ఎండకు ఎండిపోయి, అక్కడ ఏమీ లేదని అనిపించే చోట గుడ్లు ఉంటాయి. ఫినాయిల్ పోస్తే చావవు. మామూలు క్రిమిసంహారకాలు ఏవీ వాటి పెంకును దాటలేవు. సలసలా మరిగే నీళ్లు, ఆవిరి మాత్రమే సిమెంటు నేల మీద పనిచేస్తాయి. తోట మట్టికి అదీ కుదరదు.

అంటే మనకు దొరికిన గడువు ఆ మొదటి రెండు వారాలే. కొంకిపురుగుకైతే వారం లోపే. ఆ లోపు మలాన్ని తీసేస్తే ఎంత ఖరీదైన మందూ చేయలేని పని ఒక ప్లాస్టిక్ సంచి చేస్తుంది. రోజూ తీయండి, ఇంటి ఆవరణలో అయినా సరే. చాలామంది వీధిలో తీయడమే మర్యాద అనుకుంటారు, పెరట్లో పడింది ఎరువు అవుతుందని వదిలేస్తారు. అదే పెరట్లో కొత్తిమీర, పుదీనా మడి ఉంటుంది. అదే పెరట్లో మనవడు మట్టి తవ్వుతాడు. కుక్క మలం ఎరువు గోతిలో కూడా వేయకండి.

పొద్దున్నే కాప్రా చెరువు వైపు నడకకు వెళ్లేవాళ్లు చూసే ఉంటారు. కుక్క వంగగానే యజమాని ఫోన్‌లోకి వంగుతాడు. దాని పని అయ్యేదాకా ఈయనకు ఏమీ కనిపించదు. చదువుకున్నవాళ్లు, రిటైరైన పెద్దవాళ్లు, అన్నీ తెలిసినవాళ్లు. ఎవరైనా అడిగితే 'మున్సిపాలిటీ వాళ్లున్నారుగా' అంటారు. కాప్రా మున్సిపాలిటీ 2007లో గ్రేటర్‌లో కలిసిపోయింది, మన కుక్క మలం మాత్రం ఇంకా దాని కోసం ఎదురుచూస్తోంది.

ఇసుక గురించి కూడా చెప్పాలి. విదేశాల్లో పిల్లలు ఆడే ఇసుక గుంటలకు మూత పెట్టమని రాస్తారు. మన దగ్గర ఆ గుంటలు లేవు గానీ ప్రతి సందులో కట్టే ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంటుంది. పిల్లి మలవిసర్జనకు తవ్వి పూడ్చడానికి దానికంటే సుఖమైన చోటు లేదు. సాయంత్రం కాగానే వీధిలోని పిల్లలంతా చెప్పులు విప్పి దాని మీదే గెంతుతారు. వానాకాలంలో తడిసిన ఆ ఇసుకలో కొంకిపురుగు లార్వాలు పాదం చర్మాన్ని గుచ్చుకుని లోపలికి వెళ్తాయి. కొన్ని రకాలు మనిషి చర్మం కిందే దారి తప్పి, రోజుకు కొంచెం చొప్పున మెలికలు తిరుగుతూ పాకుతాయి. విపరీతమైన దురదతో పాము పాకినట్టు ఎర్రటి గీత కనిపిస్తుంది. దాన్ని తామర అనుకుని దుకాణంలో అడిగి స్టెరాయిడ్ క్రీమ్ రాసేస్తారు. ఈ ఆసియా ప్రాంతంలో కుక్కల్లో, పిల్లుల్లో ఉండే మరో కొంకిపురుగు ఉంది, అది మనిషి పేగులోనే స్థిరపడి పెరుగుతుంది కూడా. ఇసుక కుప్ప మీద రాత్రి ఒక టార్పాలిన్ కప్పించడం మేస్త్రీకి రెండు నిమిషాల పని. పొద్దున్నే వట్టి కాళ్లతో అందులో దిగేది ఆయన కూలీలే కాబట్టి వాళ్లకూ మేలు.

మనిషిలోకి చేరితే

కుక్క ఏలికపాము గుడ్డు మట్టితోనో, కడగని ఆకుకూరతోనో మన కడుపులోకి వెళ్తే లార్వా బయటికి వస్తుంది. అది కుక్క ఒళ్లు కాదు కాబట్టి పెద్ద పురుగుగా ఎదగలేదు. తిరుగుతూనే ఉంటుంది. కాలేయం, ఊపిరితిత్తులు, అరుదుగా మెదడు, కన్ను. ఎక్కువమందిలో ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోతుంది, అది కూడా చెప్పాలి. కానీ కొందరు పిల్లల్లో తగ్గీ తగ్గని జ్వరం, పిల్లికూతలతో దగ్గు, పెద్దదైన కాలేయం కనిపిస్తాయి. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే కణాలు బాగా పెరుగుతాయి. మా ఓపీలో ఇసినోఫిల్స్ పెరిగిన కాగితం పట్టుకుని వచ్చేవాళ్లు ఎందరో. అలర్జీ అనో, ఉబ్బసం అనో మందులు మారుతుంటాయి. ఎవరో ఒకరు పురుగులేమోనని మల పరీక్ష రాస్తారు, అందులో ఏమీ రాదు. రాదు కూడా. పేగులో పురుగు లేదు కాబట్టి గుడ్లూ ఉండవు. 'మల పరీక్ష మామూలుగానే ఉంది' అన్న కాగితం ఈ వ్యాధి లేదని చెప్పదు. రక్తంలో యాంటీబాడీల పరీక్ష వేరే ఉంది.

అందుకే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. 'ఇంట్లో కుక్కపిల్ల ఉంది, మూడు నెలల క్రితం తెచ్చాం, బాబుకు మట్టి తినే అలవాటు ఉంది.' ఈ ఒక్క వాక్యం పది పరీక్షలు తప్పించవచ్చు. మనిషి జబ్బుకు ఇంకో జీవి కడుపులో జాడ వెతకడం మన సికింద్రాబాద్‌కు కొత్తేమీ కాదు. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ మలేరియా జాడను దోమ కడుపులో చూసింది ఇక్కడే.

కన్ను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1950లో అమెరికాలో హెలెనర్ వైల్డర్ అనే పాథాలజీ నిపుణురాలు, ఎక్కువగా కంటి క్యాన్సర్ అనుమానంతో తొలగించిన కళ్లను సూక్ష్మదర్శిని కింద మళ్లీ పరిశీలించారు. 46 కళ్లలో 24 కళ్లలో ఆమెకు క్యాన్సర్ కాదు, పురుగు లార్వా ఆనవాళ్లు కనిపించాయి. వాటిలో కొన్ని కుక్క ఏలికపాము జాతివని తర్వాత తేలింది. రెండేళ్లకు న్యూ ఆర్లీన్స్‌లో పాల్ బీవర్ బృందం జబ్బుపడిన పిల్లల కాలేయంలో అవే లార్వాలను చూపించింది. ఆ రోజుల్లో తెలియక కళ్లు పోయాయి. ఇప్పుడు పరీక్షలున్నాయి, స్కానింగులున్నాయి, కంటి వైద్యులు తేడా గుర్తుపట్టగలరు. కానీ లార్వా కంటి తెరను ఒకసారి గాయపరిచాక పోయిన చూపు పూర్తిగా తిరిగి రాదు. పిల్లల్లో ఇది సాధారణంగా ఒక కంటికే వస్తుంది, నొప్పి ఉండదు. రెండో కన్నుతో చూస్తూ పిల్లాడు ఏమీ చెప్పడు. మెల్లకన్ను కొత్తగా వచ్చినా, ఫొటోలో ఒక కంటిపాప తెల్లగా మెరిసినా వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. అది ఏ కారణం వల్లనైనా ఆలస్యం చేయదగ్గది కాదు.

బడిలో వేసే మాత్ర వేసుకున్నాడుగా అంటారేమో. ఆ మాత్ర తప్పకుండా వేయించండి, మనుషుల పేగు పురుగులకు అది మంచి మందు. కానీ ఒళ్లంతా తిరిగే ఈ లార్వాలకు ఆ ఒక్క మోతాదు చాలదు. వ్యాధి ఉందని తేలితే డాక్టరు పర్యవేక్షణలో కొన్ని రోజులు వాడాలి, కంట్లో ఉంటే చికిత్స మరోలా ఉంటుంది. రాకుండా చూసుకోవడం మాత్రం మనకు తెలిసిన పనులే. మట్టిలో ఆడాక, కుక్కను నిమిరాక, తినే ముందు సబ్బుతో చేతులు. కత్తిరించిన గోళ్లు. పచ్చిగా తినే ఆకులను మూడు నీళ్లలో కడగడం. కుక్క ముఖం నాకుతుంటే పిల్లాడికి నేర్పడం కంటే కుక్కకు నేర్పడం తేలిక.

ఆదివారం మటన్, సోమవారం నుంచి ఇరవై ఏళ్లు

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం తెలంగాణ, కోటీ 90 లక్షలకు పైగా. ఆదివారం పొద్దున మటన్ దుకాణం ముందు మనమెంతమందిమి నిలబడతామో, మన వెనుక అన్ని కుక్కలు నిలబడతాయి. దుకాణదారు పనికిరాని ఊపిరితిత్తి ముక్కో, కాలేయం ముక్కో వాటికి విసిరేస్తాడు. కొందరు ఇంటి కుక్క కోసం ఆ తుక్కు అడిగి పట్టుకెళ్తారు, పచ్చిగానే పెడతారు.

గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తిలో ఒక్కోసారి నీటితిత్తులుంటాయి. వాటిని తిన్న కుక్క పేగులో కొన్ని మిల్లీమీటర్లకు మించని బద్దెపురుగులు వేల సంఖ్యలో పెరుగుతాయి. అంత చిన్నవి కాబట్టి మలంలో మన కంటికి కనపడవు. కుక్కకు జబ్బు చేయదు. ఈ గుడ్లకు మట్టిలో నానే గడువు కూడా అక్కర్లేదు, బయటపడిన వెంటనే అంటుకోగలవు. అవి మనిషి నోట్లోకి వెళ్తే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తి మొదలవుతుంది. ఏటా కొంచెం చొప్పున పెరిగి, అయిదేళ్లకో, పదేళ్లకో, ఇరవై ఏళ్లకో వేరే దేనికోసమో తీసిన స్కానింగులో బయటపడుతుంది. దీన్నే హైడాటిడ్ అంటాం. మనదేశంలో ఇది ఎక్కువగా కనిపించే చోట్లలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పేర్లను వైద్య పాఠ్యపుస్తకాలు ఎప్పటినుంచో రాస్తున్నాయి. తిత్తి పగిలితే ఒక్కసారిగా రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నెలల తరబడి మందులు, చాలాసార్లు ఆపరేషన్ కావాలి. ఒక మాట స్పష్టం చేస్తాను: మటన్ తిన్నందుకు మనిషికి హైడాటిడ్ రాదు. తిత్తి తిన్న కుక్క నుంచి వస్తుంది.

దీనికి విరుగుడు పందొమ్మిదో శతాబ్దంలోనే ఒక చిన్న దేశం చూపించింది. ఐస్‌లాండ్‌లో అప్పట్లో ఇంటింటా గొర్రెలు, వాటితో కుక్కలు, మనుషుల్లో ఈ తిత్తులు. 1863లో డెన్మార్క్ నుంచి వెళ్లిన హరాల్డ్ క్రాబె అనే శాస్త్రవేత్త అక్కడి కుక్కలను కోసి చూస్తే నాలుగోవంతుకు పైగా కుక్కల్లో ఈ పురుగు దొరికింది. గొర్రె తిత్తులను కుక్కకు వేయవద్దని, కుక్కకు మందు వేయమని చెప్పే చిన్న పుస్తకం రాస్తే దాన్ని ఊరూరా ఉచితంగా పంచారు. తర్వాత చట్టాలు వచ్చాయి. అప్పటికి మంచి మందులు కూడా లేవు. తరువాతి శతాబ్దంలో ఆ దేశం నుంచి ఈ జబ్బు కనుమరుగైంది.

మనం చేయాల్సిందీ అదే. కుక్కకు పచ్చి కాలేయం, ఊపిరితిత్తి, పేగులు పెట్టకండి. పెట్టాలనుకుంటే అరగంట బాగా ఉడికించండి. అప్పుడప్పుడు ఇలాంటివి దొరికించుకుని తినే కుక్కకు మూడు నెలల లెక్క చాలదు, ప్రాజిక్వాంటెల్ ఆరు వారాలకోసారి వేయించాలి. ఇక మటన్ దుకాణం ముందు నిలబడ్డప్పుడు 'భాయ్, ఆ ముక్క అటు వేయకు' అని చెప్పే హక్కు కొనే మనకు ఉంది.

పిల్లి ఉన్న ఇళ్లకు

కుక్క, పిల్లి తోక కింద బొచ్చుకు బియ్యపు గింజల్లాంటివి అంటుకుని, ఒక్కోసారి కదులుతూ కనిపిస్తాయి. అవి ఇంకో రకం బద్దెపురుగు ముక్కలు. బొచ్చులో గెంతుతూ తిరిగే చిన్న నల్ల పురుగులు, ఫ్లీలను నాకి మింగడం వల్ల వస్తాయి. గోమార్ల వల్ల కాదు. ఫ్లీలను వదిలించకుండా నట్టల మందు ఎన్నిసార్లు వేసినా నెల తిరక్కుండా గింజలు మళ్లీ కనిపిస్తాయి. పక్క గుడ్డలు వేడినీళ్లలో ఉతికి, వాటి మూలలు ఊడ్చి, ఫ్లీల మందు వాడాలి. ఇక్కడొక హెచ్చరిక. కుక్కల కోసం అమ్మే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లికి అది విషం. కుక్కకు కొన్నది మిగిలిందని పిల్లి మెడ మీద చుక్క వేస్తే వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు.

కోడలు నెల తప్పిందని తెలియగానే ఇంట్లో పిల్లిని ఎక్కడో వదిలేసి వచ్చే పెద్దలున్నారు. గర్భిణికి పిల్లి వల్ల భయమని చెప్పేది టాక్సోప్లాస్మా గురించి. అది పురుగు కాదు, ఏకకణ పరాన్నజీవి, నట్టల మందుకు లొంగదు. పిల్లిని వదిలేయక్కర్లేదు. దాని మలపు పెట్టెను ఇంట్లో ఇంకెవరైనా రోజూ శుభ్రం చేస్తే చాలు, ఎందుకంటే దాని గుడ్లు కూడా అంటుకునే స్థితికి రావడానికి ఒకరోజైనా పడుతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరలు గర్భిణికి అంతే ముఖ్యమైన జాగ్రత్త. అన్నట్టు, మీరు వదిలేసి వచ్చిన పిల్లి ఇంకెవరి ఇసుక కుప్పలోనో తవ్వుతుంది.

మరి వీధి కుక్కలు?

మన ఇంటి కుక్కకు మందు వేయిస్తాం, వీధిలో వాటి సంగతేమిటని ప్రతి సమావేశంలోనూ అడుగుతారు. సరైన ప్రశ్నే. ఆపరేషన్ కోసం పట్టిన కుక్క కొన్ని రోజులు అధికారుల చేతిలో ఉంటుంది, నట్టల మందు వేయడానికి అంతకంటే మంచి సమయం లేదు. వేసినట్టు నమోదు అడగండి, టీకా వివరాలు అడిగినట్టే. కానీ అది ఒక్క మోతాదు. మూడు నెలలకు మళ్లీ అవసరం అవుతుంది. దాని కోసం మళ్లీ వలపట్టే బండి రాదు.

ఇక్కడే కుక్కలకు రోజూ అన్నం పెట్టేవాళ్లు పనికొస్తారు. కాలనీల్లో వాళ్లను శత్రువుల్లా చూస్తారు గానీ, ఏ కుక్క ఏ సందుదో, ఏది ఈనిందో, ఏది తగ్గిపోయిందో తెలిసినది వాళ్లకే. సుప్రీంకోర్టు అదే ఉత్తర్వులో వార్డుకు తిండి పెట్టే చోట్లు ప్రత్యేకంగా గుర్తించమని చెప్పింది. ఆ చోట్లలో మూడు నెలలకోసారి, పశువైద్యుడు బరువు అంచనా వేసి ఇచ్చిన మాత్రను ఒక్కో కుక్కకు విడిగా పెరుగన్నం ముద్దలో పెట్టి తినిపించవచ్చు. అందరికీ కలిపిన గిన్నెలో పొడి చల్లితే బలమైనది మొత్తం తింటుంది, పాలిచ్చే తల్లికి ఏమీ మిగలదు. ఖర్చును కాలనీ నిర్వహణ చందాలో ఒక పద్దుగా రాసుకోవచ్చు, దోమల పొగకు రాసుకుంటున్నట్టే.

పెంపుడు కుక్కకు కార్పొరేషన్ లైసెన్సు తీసుకునేటప్పుడు రేబిస్ టీకా కాగితం అడుగుతారు. నట్టల మందు తేదీలు కూడా ఆ దరఖాస్తులో ఒక గడిగా చేరిస్తే పోయేదేమీ లేదు. అది చేరేలోపు మన సంక్షేమ సంఘాలు తమ రిజిస్టర్లో ఆ గడి గీసుకోవచ్చు: ఫ్లాట్ నంబరు, కుక్క బరువు, చివరిసారి మందు వేసిన తేదీ, మళ్లీ వేయాల్సిన తేదీ.